కొత్త కార్డు పోటీకి పనికొస్తుందా? మ్యాజిక్ ఆటగాళ్లు వేసే లెక్క

మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో ఒక్క 2025లోనే స్టాండర్డ్ ఫార్మాట్‌లోకి ఆరు సెట్లు, అంటే కొత్త కార్డుల విడుదలలు, వచ్చి పడ్డాయి. ఒక సెట్ కార్డులు అలవాటయ్యేలోపే తర్వాతి సెట్ ప్రివ్యూలు మొదలవుతున్నాయి. ప్రివ్యూ బయటికొచ్చిన గంటలోనే "ఇది ఫార్మాట్‌ని తలకిందులు చేస్తుంది" అనేవాళ్లూ తయారు, "రిమూవల్ పడితే పోయేదే కదా" (రిమూవల్ అంటే ఎదుటివాళ్ల కార్డుని తీసిపారేసే కార్డు) అని పెదవి విరిచేవాళ్లూ తయారు. రెండు మాటలూ ఎప్పుడో ఒకప్పుడు నిజమైనవే. అందుకే కొత్తగా టోర్నమెంట్లు ఆడేవాళ్లకి ఏ మాట పట్టుకోవాలో అర్థం కాదు. కార్డు మీది రాత చదివి, అది పోటీలో నిలబడుతుందో లేదో తేల్చేటప్పుడు అనుభవమున్న ఆటగాళ్లు దేన్ని లెక్కలోకి తీసుకుంటారో, ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

## ఈ లెక్కకి కావలసినంత ఆట

రమ్మీలో అందరూ ఒకే పేకలోంచి ముక్కలు తీస్తారు. ఇక్కడ ఎవరి పేక వాళ్లు కట్టుకుని తెచ్చుకుంటారు. దాన్నే డెక్ అంటారు. కనీసం 60 కార్డులుండాలి, బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ కార్డూ 4 కాపీలు దాటకూడదు. మూడు గేముల మ్యాచ్ అయితే గేముకీ గేముకీ మధ్య మార్చుకోవడానికి 15 కార్డుల సైడ్‌బోర్డ్ ఉంటుంది. ఇద్దరికీ 20 లైఫ్, మొదట చేతికి 7 కార్డులు, ఆ తర్వాత టర్నుకొకటి. టర్నుకి ఒక్క ల్యాండే వేయాలి. ల్యాండ్లు ఇచ్చే మానాతోనే మిగతా కార్డులన్నీ ఆడాలి. కాబట్టి నాలుగు మానా ఖర్చయ్యే కార్డు మామూలుగా నాలుగో టర్నుకి గాని బల్ల మీదికి రాదు. బల్ల మీద ఉండి పోరాడే కార్డు క్రీచర్. దాని మీద 4/5 అని ఉంటే, అది కొట్టే దెబ్బ 4, అది చావడానికి కావలసిన దెబ్బ, అంటే టఫ్‌నెస్, 5.

ఫార్మాట్ అంటే ఏ కార్డులు ఆడొచ్చో చెప్పే పరిధి. స్టాండర్డ్‌లో ఇటీవలి కొన్నేళ్ల సెట్లే చెల్లుతాయి. మోడర్న్‌లో 2003 తర్వాతి సెట్లు చాలావరకు చెల్లుతాయి. లెగసీ, వింటేజ్‌లలో 1993 నుంచి వచ్చిన దాదాపు అన్నీ చెల్లుతాయి, నిషేధ జాబితాలో ఉన్నవి తప్ప. ఇక మెటాగేమ్, వాడుకలో మెటా, అంటే ఆ సమయంలో ఆ ఫార్మాట్‌లో జనం ఏ డెక్కులు ఎంతెంత ఆడుతున్నారన్న చిత్రం.

## ఉన్నవి తొమ్మిది చోట్లే

స్టాండర్డ్ డెక్‌లో తరచుగా 24 దాకా ల్యాండ్లే పోతాయి. మిగిలేవి 36. ముఖ్యమైన కార్డుని 4 కాపీలు పెట్టుకుంటారు కాబట్టి 36ని 4తో భాగిస్తే 9 వస్తుంది. ఒక డెక్‌లో నిజంగా ఉన్న చోట్లు ఈ తొమ్మిదే. కొత్తది లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి. అందువల్ల "ఈ కార్డు బాగుందా" అని అడిగితే జవాబు దొరకదు. "ఏ డెక్‌లో, దేని బదులు, ఎవరి మీద" అని అడిగితే దొరుకుతుంది. అయిదుకి ఇన్ని అని మార్కులేసే సమీక్షల్లో పెద్ద లోటు ఇదే. మార్కు కార్డుకి వేస్తారు, తీసేయాల్సిన కార్డు పేరు చెప్పరు.

ఎర్ర రంగులో ఒకే పని చేసే మూడు కార్డులు తీసుకుందాం. లైట్నింగ్ బోల్ట్ ఒక మానాకి 3 దెబ్బలు వేస్తుంది. షాక్ ఒక మానాకి 2. లైట్నింగ్ స్ట్రైక్ రెండు మానాకి 3. మోడర్న్‌లో బోల్ట్ చెల్లుతుంది కాబట్టి మిగతా రెండింటి వైపు చూసే అవసరం చాలా అరుదు. బోల్ట్ చెల్లని స్టాండర్డ్‌లో ఆ రెండూ ఎన్నోసార్లు ఎర్ర డెక్కుల్లో చోటు సంపాదించాయి. కార్డు మీది అక్షరం ఒక్కటీ మారలేదు, పక్కనున్న కార్డులు మారాయంతే.

పోలిక ఎవరితో పెట్టాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 2012లో అవాసిన్ రీస్టోర్డ్ సెట్‌లో టిబాల్ట్, ది ఫీండ్-బ్లడెడ్ వచ్చింది. రెండే మానాకి ప్లేన్స్‌వాకర్ (టర్నుకొక పని చేసే, క్రీచర్లతో కొట్టి పడగొట్టగల కార్డు) రావడం అదే మొదటిసారి. అప్పటిదాకా వచ్చిన ప్లేన్స్‌వాకర్లతో పోల్చినవాళ్లకి అది చవకగా దొరికిన నిధిలా కనిపించింది. కానీ డెక్‌లో దాని పోటీ ప్లేన్స్‌వాకర్లతో కాదు, రెండో టర్నులో ఆడగలిగే మిగతా కార్డులన్నిటితో. ఆ వరుసలో నిలబెడితే, టిబాల్ట్ చేసేది ఒక కార్డు తీసి చేతిలోంచి ఏదో ఒకటి గుడ్డిగా పారేయడం. పోయేది ఇప్పుడే తీసిన మంచి కార్డైనా కావచ్చు. తనని కొట్టడానికి వచ్చే క్రీచర్‌ని ఆపుకునే దారీ దానికి లేదు. అది పోటీ డెక్కుల్లో నిలవలేదు. ఒకే రకం కార్డులతో కాకుండా అదే టర్నులో ఆడే కార్డులతో పోల్చడం అన్న అలవాటు ఒక్కటి ఉన్నా ఇలాంటి పొరపాట్లు చాలా తగ్గుతాయి.

## మానా ధర: కాగితం మీద ఒకటి, బల్ల మీద ఒకటి

"నాలుగో టర్నులో దీన్ని దించితే ఆట అయిపోయినట్టే" అన్న వాక్యంలో ఒక ఊహ దాగి ఉంది. ముందుగా ఆడేవాళ్లకి మొదటి టర్నులో డ్రా ఉండదు కాబట్టి నాలుగో టర్నుకి వాళ్లు చూసేది 10 కార్డులు. మలిగన్లు (నచ్చని మొదటి చేతిని మార్చుకోవడం) లెక్కలోకి తీసుకోకపోతే, 24 ల్యాండ్ల డెక్‌లో ఆ పదిలో కనీసం 4 ల్యాండ్లు ఉండే అవకాశం సుమారు 63 శాతం. మూడోవంతుకి మించిన ఆటల్లో ఆ కార్డు సమయానికి చేతిలోనే ఉండిపోతుంది. ఇక ఆ కార్డే చేతికి రావాలి కదా. 4 కాపీలు పెట్టినా, ఆ 10 కార్డుల్లో కనీసం ఒకటి కనిపించే అవకాశం 53 శాతం లోపే. ఒక మాట గుర్తుంచుకోవాలి. మ్యాజిక్ ఎరీనా యాప్‌లో ఒకే గేముతో తేలే మ్యాచ్‌లలో మొదటి చేతి ల్యాండ్లను సాఫ్ట్‌వేర్ కొంత సర్ది ఇస్తుంది. అందుకని ఈ అంకెలు అక్కడికి యథాతథంగా వర్తించవు. మూడు గేముల మ్యాచ్‌కి, కాగితం కార్డులకి వర్తిస్తాయి.

ఈ అంకెలు చూస్తే చవక కార్డులకి అంత విలువ ఎందుకో అర్థమవుతుంది. ఒక మానా కార్డు మొదటి టర్నులోనూ పనికొస్తుంది, ఆరో టర్నులో ఇంకో అయిదు మానా కార్డుతో కలిపి ఆడడానికీ పనికొస్తుంది. నాలుగు మానా కార్డు ఆ టర్నుని మొత్తం మింగేస్తుంది. దాన్ని ఎదుటివాళ్లు రెండు మానాతో చంపేస్తే కార్డుకి కార్డు చెల్లు. కానీ మిగిలిన రెండు మానాతో వాళ్లు ఇంకో పని చేసుకుంటారు. ఆటగాళ్లు టెంపో పోయింది అనేది దీన్నే.

## "రిమూవల్ పడితే పోతుంది" అన్న వాదన

ఇది ఎప్పటికీ తెగని పంచాయితీ. ఒక పక్షం ఏమంటుందంటే, వచ్చిన వెంటనే ఏదో ఒక లాభం ఇవ్వని ఖరీదైన క్రీచర్‌ని ఆడకూడదు. రెండో పక్షం ఏమంటుందంటే, అన్ని క్రీచర్లూ రిమూవల్‌కి చచ్చేవే, ఆ రిమూవల్ ఎదుటివాళ్ల చేతిలో ఉందో లేదో చూపించనివ్వండి. ఆటగాళ్లు ఈ రెండు రకాలకి గుర్తుగా రెండు కార్డుల పేర్లు చెబుతుంటారు. మల్‌డ్రిఫ్టర్ 2/2 ఎగిరే క్రీచర్, వస్తూనే రెండు కార్డులు తీసి పెడుతుంది. ఆ తర్వాత చంపినా మీకు నష్టం లేదు. బేన్‌స్లేయర్ ఏంజెల్ అయిదు మానాకి 5/5, ఎగురుతుంది, కొట్టినంత లైఫ్ తెచ్చిపెడుతుంది. బతికితే ఆట మీదే, వెంటనే చస్తే మిగిలేది సున్నా.

రెండో రకం కార్డు ఎందుకు ఆడదగ్గదవుతుందో షెఓల్డ్రెడ్, ది అపోకలిప్స్ దగ్గర బాగా కనిపిస్తుంది. 2022 సెప్టెంబరులో డొమినేరియా యునైటెడ్‌తో వచ్చింది. నాలుగు మానా, 4/5, డెత్‌టచ్ (అది కొట్టిన క్రీచర్ ఏదైనా చస్తుంది). మీరు కార్డు తీసిన ప్రతిసారీ మీకు 2 లైఫ్ వస్తుంది, ఎదుటివాళ్లు తీసిన ప్రతిసారీ వాళ్లకి 2 పోతుంది. వచ్చిన క్షణాన మాత్రం ఏమీ చేయదు.

ఎదుటివాళ్ల లైఫ్ 20 ఉండగా దీన్ని దించారనుకోండి. వాళ్లు అప్‌కీప్‌లోనే, అంటే డ్రా కంటే ముందే, రెండు మానాతో ఇన్ఫర్నల్ గ్రాస్ప్ వేస్తే షెఓల్డ్రెడ్ ఏమీ మిగల్చకుండా పోతుంది. మీవి నాలుగు మానా, వాళ్లవి రెండు, దాంతోపాటు గ్రాస్ప్ ధరగా 2 లైఫ్. ఇది చెడ్డ పక్షం. ఇప్పుడు గ్రాస్ప్ లేని పక్షం చూడండి. వాళ్ల డ్రా: 18. మీ డ్రాతో మీకు 2 లైఫ్, ఆపేవాళ్లు లేకపోతే 4 దెబ్బ: 14. వాళ్ల డ్రా: 12. దెబ్బ: 8. డ్రా: 6. దెబ్బ: 2. నాలుగో డ్రాతో సున్నా. ఈలోపు మీకు 6 లైఫ్ కలిసింది. మీరు ఇంకో కార్డు ముట్టుకోనేలేదు. నీలం డెక్ అయితే అదనంగా కార్డులు తీసే కొద్దీ ఇంకా తొందరగా పోతుంది. ఎర్ర డెక్‌కి 5 టఫ్‌నెస్ దాటాలంటే రెండు బర్న్ స్పెల్స్ (బోల్ట్ లాంటి దెబ్బ కార్డులు) తగలేయాలి. పైగా డెత్‌టచ్ ఉంది కాబట్టి అడ్డం నిలబడినా ఎంత పెద్ద క్రీచర్‌నైనా తీసుకునే పోతుంది.

కాబట్టి పంచాయితీలో తేల్చాల్సింది "చస్తుందా" అన్నది కాదు. ఒక్క టర్ను బతికితే ఎంత లాభం, దాన్ని చంపగల కార్డులు ఆ మెటాలో ఎన్ని కాపీలు తిరుగుతున్నాయి, వాటి ధర ఎంత అన్నవి తేలాలి. చిన్న రిమూవల్ మాత్రమే తిరుగుతున్న మెటాలో 5 టఫ్‌నెస్ ఒక కోట. టఫ్‌నెస్ పట్టించుకోకుండా చంపే రెండు మానా కార్డులు ప్రతి డెక్‌లో నాలుగేసి ఉంటే అదే 5 టఫ్‌నెస్‌కి అర్థం లేదు. నా అంచనాలో మొదటి పక్షం వాదన ఆరు, ఏడు మానా క్రీచర్లకి దాదాపు ఎప్పుడూ సరిపోతుంది, మూడు, నాలుగు మానా వాటికి సగం సార్లే.

దీనికి తోడు ఇంకో కొలత ఉంది. బ్రయన్ వాంగ్ అనే ఆటగాడి పేరుతో ప్రచారంలోకి వచ్చిన క్వాడ్రంట్ థియరీ. కార్డుని నాలుగు స్థితుల్లో పెట్టి చూడమంటుంది: ఆట మొదలవుతున్నప్పుడు, ఇద్దరూ సమంగా ఉన్నప్పుడు, మీరు ముందున్నప్పుడు, మీరు వెనకబడినప్పుడు. ముందున్నప్పుడు మాత్రమే వెలిగే కార్డు ఎప్పుడూ మోసం చేస్తుంది, ఎందుకంటే అది పడిన ఆటలన్నీ గెలిచినవిగానే గుర్తుంటాయి. అది లేకపోయినా గెలిచేవాళ్లమని తట్టదు.

## రెండు కార్డుల కాంబో: అందం ఎంత, అవకాశం ఎంత

కొత్త కార్డు చూడగానే "దీన్ని దానితో కలిపితే" అన్న ఆలోచన సహజం. 4 కాపీల చొప్పున ఉన్న రెండు వేర్వేరు కార్డులు, ముందుగా ఆడేవాళ్లకి నాలుగో టర్నులోపు రెండూ చేతికి వచ్చే అవకాశం సుమారు 26.5 శాతం. అంటే నాలుగు ఆటలకి ఒకటి. కార్డుల్ని వెతికి తెచ్చే స్పెల్స్‌తో దీన్ని పెంచుకోవచ్చు, కానీ సగం ఆటల్లో ఒక్క ముక్కే చేతిలో ఉండిపోతే అది ఒంటరిగా ఏం చేస్తుందన్నదే అసలు పరీక్ష.

2017 ఆరంభంలో ఈథర్ రివోల్ట్ సెట్‌తో వచ్చిన ఫెలిడార్ గార్డియన్ ఆ పరీక్ష నెగ్గింది. నాలుగు మానా, 1/4 పిల్లి. వచ్చినప్పుడు మీ ఇంకో కార్డుని ఒక్క క్షణం ఆటలోంచి తీసి తిరిగి పెడుతుంది. అంతకుముందు సెట్‌లో వచ్చిన సాహీలి రై మూడు మానా ప్లేన్స్‌వాకర్, మీ క్రీచర్‌కి వెంటనే దాడి చేయగల నకలు తయారుచేస్తుంది. మూడో టర్ను సాహీలి, నాలుగో టర్ను గార్డియన్. సాహీలి గార్డియన్‌కి నకలు తీస్తుంది. ఆ నకలు సాహీలిని తీసి మళ్లీ పెడుతుంది. కొత్తగా వచ్చిన సాహీలి ఇంకో నకలు తీస్తుంది. కావలసినన్ని పిల్లులు, అదే టర్నులో దాడి. ఈ జోడీ తమ దృష్టికి రాలేదని తయారీదారు విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్లే ఒప్పుకున్నారు. 2017 ఏప్రిల్‌లో గార్డియన్‌ని స్టాండర్డ్‌లో నిషేధించారు. కాంబో పడని ఆటల్లో కూడా సాహీలి టర్నుకో దెబ్బ వేస్తూ పైకార్డు చూపించేది, గార్డియన్ వస్తూనే లాభమిచ్చే వేరే క్రీచర్లని మళ్లీ వాడుకునేలా చేసేది. ఒంటరిగానూ కడుపు నింపుకోగల ముక్కలు కాబట్టే డెక్ నిలబడింది.

ఇలాంటి జోడీలు పట్టుకునేవాళ్లు ముందుగా రెండు గుర్తులు వెతుకుతారు: మానా ఖర్చు లేకుండా జరిగే పని, ఎన్నిసార్లన్న హద్దు లేని పని. 2024 జూన్‌లో మోడర్న్ హొరైజన్స్ 3లో వచ్చిన "నాడు, వింగ్డ్ విజ్డమ్" అనే కార్డు మీద హద్దు రాసే ఉంది. మీ క్రీచర్‌ని ఏదైనా టార్గెట్ చేస్తే ఒక కార్డు, టర్నుకి రెండుసార్లే. కానీ ఆ రెండుసార్లన్నది ఒక్కో క్రీచర్‌కి విడివిడిగా. సున్నా మానాతో క్రీచర్‌కి తగిలించగల షుకో అనే పాత ఆయుధం పక్కన పెడితే, బల్ల మీదున్న ప్రతి క్రీచరూ ఉచితంగా రెండేసి కార్డులు. ఆగస్టు 26న మోడర్న్‌లో నిషేధం పడింది. కార్డు చివరి రూపాన్ని ఆడి పరీక్షించలేదని దాని డిజైనరే తర్వాత రాశారు.

## ఒకే కార్డు, నాలుగు ఫార్మాట్లు: ట్రెజర్ క్రూజ్

2014 సెప్టెంబరులో ఖాన్స్ ఆఫ్ తార్కిర్‌లో వచ్చిన ట్రెజర్ క్రూజ్ ధర ఎనిమిది మానా, చేసే పని మూడు కార్డులు తీయడం. అరుదైనది కూడా కాదు, కామన్. అయితే దాని మీద డెల్వ్ అన్న మాట ఉంది. గ్రేవ్‌యార్డ్‌లోంచి, అంటే వాడేసిన కార్డుల కుప్పలోంచి, ఒక్కో కార్డు తీసేస్తే ఒక్కో మానా తగ్గుతుంది. ఏడు కార్డులు తీసేస్తే మిగిలే ధర ఒక్క నీలం మానా. ఒక మానాకి మూడు కార్డులిచ్చే యాన్సెస్ట్రల్ రీకాల్ 1993 నాటి కార్డు. ఈరోజుకీ వింటేజ్‌లో ఒక్క కాపీకే అనుమతి.

అందువల్ల ప్రశ్న "ఎనిమిది మానా ఎక్కువ కాదా" అన్నది కాదు, "ఏడు కార్డులు ఎన్నో టర్నుకి పోగవుతాయి" అన్నది. అప్పటి మోడర్న్‌లో ఇలా లెక్కపెట్టండి. మొదటి టర్నులో ఫెచ్‌ల్యాండ్ (తను పోయి ఇంకో ల్యాండ్ తెచ్చే ల్యాండ్) వాడితే అది కుప్పలోకి: 1. ఒక మానా థాట్ స్కౌర్ పైనుంచి రెండు కార్డులు కుప్పలో వేస్తుంది, తనూ అక్కడికే: 4. రెండో టర్నులో ఇంకో ఫెచ్‌ల్యాండ్: 5. మానా బదులు 2 లైఫ్ కట్టి గిటాక్సియన్ ప్రోబ్: 6. లైట్నింగ్ బోల్ట్: 7. ఇంకా ఒక మానా మిగిలే ఉంది. అన్నీ కలిసొచ్చిన చేతిలో రెండో టర్నులోనే క్రూజ్. మామూలు చేతిలో మూడు, నాలుగు టర్నుల్లో.

అదే సమయంలో స్టాండర్డ్‌లో ఫెచ్‌ల్యాండ్లు ఉన్నాయి గానీ స్కౌర్ లేదు, ప్రోబ్ లేదు, బోల్ట్ లేదు. కుప్ప నిండడానికి ఇంకా చాలా టర్నులు పట్టేది. అక్కడ క్రూజ్ మంచి కార్డుగా ఆడారు, అంతవరకే. 2015 జనవరిలో మోడర్న్, లెగసీలలో నిషేధం, వింటేజ్‌లో ఒక్క కాపీకి పరిమితం. స్టాండర్డ్‌లో ఏ చర్యా లేదు. ధర మీద రాసిన అంకెని నమ్మినవాళ్లు కార్డుని తక్కువ అంచనా వేశారు. డెల్వ్‌ని చూసి స్టాండర్డ్‌లో కూడా అంతే ఉంటుందనుకున్నవాళ్లు ఎక్కువ అంచనా వేశారు.

ఒక కార్డు వస్తే ఇరుగుపొరుగు కార్డుల విలువ కూడా కదులుతుంది. 2023లో వచ్చిన ఆర్కిష్ బోమాస్టర్స్ రెండు మానాకి ఎప్పుడైనా దిగి ఒక దెబ్బ వేస్తుంది. ఎదుటివాళ్లు అదనంగా తీసే ప్రతి కార్డుకీ ఇంకో దెబ్బ. దాంతో మోడర్న్, లెగసీలలో టఫ్‌నెస్ 1 ఉన్న క్రీచర్లన్నిటికీ ముప్పు వచ్చింది. అప్పటినుంచి కొత్త క్రీచర్ టఫ్‌నెస్ 1 ఉందా 2 ఉందా అన్నది చిన్న తేడా కాకుండా పోయింది. తిరుగు దిశలో స్ప్లింటర్ ట్విన్ అనే కార్డుని చూడండి. 2016 జనవరిలో మోడర్న్‌లో దాన్ని నిషేధించారు. 2024 డిసెంబరులో మళ్లీ అనుమతించినప్పుడు అది ఫార్మాట్‌ని ఏలలేదు. నడుమ దాదాపు తొమ్మిదేళ్లలో చుట్టూ ఉన్న చవక కార్డుల స్థాయి అంత పెరిగింది.

## పరీక్షించి చూస్తే తేలదా?

సిద్ధాంతం వద్దు, ఆడి చూడాలి అనేవాళ్లు ఎక్కువే. వాళ్ల వాదనలో బలముంది: ఫెలిడార్, నాడు రెండూ కాగితం మీద చదివినప్పుడు తప్పించుకున్నవే. అయితే ఆడి చూడడానికి ఒక హద్దు ఉంది, దాన్ని అంకెల్లోనే చెప్పొచ్చు. 20 గేములాడి 12 గెలిచారనుకోండి. 60 శాతం అనిపిస్తుంది. కానీ ఆ 20 గేముల ఆధారంగా మీ అసలు గెలుపు రేటు 39 నుంచి 81 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 100 గేములకి పొరపాటు అటూ ఇటూ 10 శాతం, 400 గేములకి 5 శాతం. 2 శాతానికి తగ్గాలంటే సుమారు 2,400 గేములు కావాలి. ఒక్క కార్డు మార్చితే వచ్చే తేడా మామూలుగా ఆ రెండు శాతం చుట్టూనే ఉంటుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ. మెటాలో వేగమైన ఎర్ర డెక్కులు 40 శాతం, మధ్యస్థ వేగపు మిడ్‌రేంజ్ 35, ఎదుటివాళ్ల ఆటని ఆపుతూ నెమ్మదిగా సాగే కంట్రోల్ 25 ఉన్నాయి. మీ డెక్‌లో ఒక చవక రిమూవల్ తీసేసి నాలుగు మానా క్రీచర్ పెట్టారు. ఎర్ర డెక్ మీద గెలుపు 4 పాయింట్లు తగ్గింది, మిడ్‌రేంజ్ మీద 7, కంట్రోల్ మీద 4 పెరిగాయి. వాటాలతో గుణిస్తే మైనస్ 1.6, ప్లస్ 2.45, ప్లస్ 1. నికరం 1.85 పాయింట్ల లాభం. అదే మెటాలో ఎర్ర డెక్కులు 60 శాతానికి పెరిగి, మిడ్‌రేంజ్ 25కి, కంట్రోల్ 15కి పడిపోతే మైనస్ 2.4, ప్లస్ 1.75, ప్లస్ 0.6. లాభమంతా ఆవిరి. మొదటి వారం ఫలితాలు చూసి కార్డుకి తీర్పు చెప్పేవాళ్లు మూడో వారానికి తప్పుగా తేలడం ఇందువల్లే. మొదటి వారంలో ఎదుటివాళ్లకి ఆ కార్డు అలవాటుండదు, దానికి తగ్గ సైడ్‌బోర్డూ ఉండదు.

అందుకని టీములుగా తయారయ్యేవాళ్లు గెలుపోటముల లెక్క ఒక్కదాన్నే నమ్ముకోరు. కొత్త కార్డు చేతికొచ్చిన ప్రతిసారీ "దీని బదులు తీసేసిన పాత కార్డు ఉంటే ఈ క్షణాన ఏది కావాలనుకునేవాడిని" అని రాసుకుంటారు. ఒక్కో గేములో ఒక గెలుపు లేదా ఓటమి మాత్రమే తెలుస్తుంది, ఈ ప్రశ్నకి మాత్రం రెండు మూడు జవాబులు దొరుకుతాయి. ఎదురుగా ఎవరూ లేకుండా ఒంటరిగా ఆడిచూసే గోల్డ్‌ఫిషింగ్ డెక్ వేగాన్ని కొలవడానికి పనికొస్తుంది, రిమూవల్ ప్రశ్నకి అస్సలు పనికిరాదు.

## నాలుగా, మూడా, ఒకటా?

ఆడదగ్గదని తేలాక కూడా ఎన్ని కాపీలన్నది మిగులుతుంది. లెజెండరీ కార్డులు బల్ల మీద మీ వైపు ఒకే పేరుతో రెండు ఉండకూడదు కాబట్టి రెండో కాపీ చాలాసార్లు చేతిలో బరువే. 10 కార్డులు చూసేసరికి 4 కాపీలైతే ఒకటైనా వచ్చే అవకాశం 52.8 శాతం, రెండో అంతకు మించో వచ్చే అవకాశం 12.6. మూడు కాపీలైతే 42.7, 6.9. మొదటి కాపీ విషయంలో పది పాయింట్లు కోల్పోయి, బరువు విషయంలో ఆరు పాయింట్లకి కాస్త తక్కువ లాభపడతారు. వచ్చిన వెంటనే ఎదుటివాళ్లు చంపేసే కార్డైతే రెండోది కూడా కావాల్సిందే, నాలుగూ పెడతారు. షెఓల్డ్రెడ్ లాంటివాటికి ఆ సమయపు మెటాని బట్టి లెక్క మారుతూ వచ్చింది.

## ఎరీనాలో ఆడేవాళ్లకి ఇంకో లెక్క

మన దగ్గర చాలామందికి ఈ ఆట ఫోన్లోని ఎరీనాతోనే పరిచయం. అక్కడ కార్డు ఒక్కొక్కటిగా కొనడం ఉండదు, దాని అరుదుతనానికి తగ్గ వైల్డ్‌కార్డ్ ఖర్చు పెట్టి తయారుచేసుకోవాలి. కాబట్టి అక్కడ తీర్పు కార్డు మీద ఒక్కటే కాదు, ఆ కార్డు ఎంతకాలం చెల్లుతుందన్న దాని మీద కూడా. ఏ సెట్ ఎప్పుడు స్టాండర్డ్‌లోంచి వెళ్లిపోతుంది, ఒక్క డెక్‌కే పనికొచ్చేదా నాలుగు డెక్కుల్లో చోటున్నదా, ల్యాండ్లకి వైల్డ్‌కార్డ్లు మిగులుతాయా అన్నవి ఆటబలంతో సమానంగా తూగుతాయి. రెండు రంగుల ల్యాండ్లే చాలాసార్లు ఎక్కువ కాలం పనికొచ్చే ఖర్చు.

నిషేధం పడితే ఎరీనా వైల్డ్‌కార్డ్లు తిరిగిస్తుంది. అయితే నిషేధం పడిన కార్డుకే ఇస్తుంది. 2025 జూన్‌లో ఫైనల్ ఫాంటసీ సెట్‌తో వచ్చిన వివి ఆర్నిటియర్, 2023 నాటి అగాథాస్ సోల్ కాల్డ్రన్‌తో కలిసి స్టాండర్డ్‌ని ఊపేసింది. ఆ డెక్ కోసం చాలామంది రెండు మిథిక్ (అన్నిటికంటే అరుదైన రకం) కార్డులూ తయారుచేసుకున్నారు. నవంబరు 10న నిషేధం పడింది వివి మీద. కాల్డ్రన్ జాబితాలో లేదు, దానికి పెట్టిన మిథిక్ వైల్డ్‌కార్డ్లు వెనక్కి రాలేదు.